ఎలక్ట్రిక్ కారు కొనేవారికి కొన్ని ఎదురు సలహాలు

కారు కొనబోతున్నామని నోరు జారితే చాలు, సలహాలు వచ్చి పడతాయి. ఎక్కువ రేంజ్ ఉన్నదే తీసుకో. సెకండ్ హ్యాండ్ ఎలక్ట్రిక్ జోలికి పోకు. ఎటూ తేల్చుకోలేకపోతే హైబ్రిడ్ కొను. ఇంకో రెండేళ్ళు ఆగు. చిన్న ఊళ్ళో ఆ బండి ఎందుకు, అది సిటీవాళ్ళది. ఇవన్నీ మంచి మనసుతో చెప్పే మాటలే. నేను చెప్పబోయేవి వీటికి ఎదురుగా ఉంటాయి, వింటే కోపం కూడా రావచ్చు. నెలజీతం మీద బతికే కుటుంబానికి ఈ కారు అందుతుందా లేదా అన్నది ధర కాగితం తేల్చదు. ఆ ఇంటివాళ్ళు నెలకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారు, రాత్రి బండి ఎక్కడ నిలబెడతారు, ఈ రెండే తేలుస్తాయి. నా సలహాలన్నీ ఇక్కడినుంచే పుట్టాయి.

షోరూముకి వెళ్ళకండి, ఎలక్ట్రీషియన్‌ని పిలవండి

టెస్ట్ డ్రైవ్ చేస్తే మనసు అక్కడే పడిపోతుంది. చప్పుడు లేకుండా, గేరు మార్చే పని లేకుండా బండి దూసుకుపోతుంటే ఇంక లెక్కలెవరికి కావాలి? అందుకే అది చివరికి ఉంచుకోండి. మొదట మీ పార్కింగ్ దగ్గరికి తెలిసిన ఎలక్ట్రీషియన్‌ని తీసుకెళ్ళండి. ఏసీకి, గీజరుకి పెట్టే పదహారు ఆంపియర్ల ప్లగ్ ఒకటి, దానికి సరైన ఎర్తింగ్, మీటరు నుంచి అక్కడిదాకా తగినంత మందం వైరు ఉంటే చిన్న కారు రాత్రికి రాత్రి నిండుతుంది. ఆ ప్లగ్ గంటకు మూడు యూనిట్ల చొప్పున ఇస్తుంది. టియాగో ఈవీలో చిన్న బ్యాటరీ 19.2 యూనిట్లది, పడుకుని లేచేసరికి సిద్ధం. గోడకు బిగించే 7.2 కిలోవాట్ల ఛార్జర్ లేకపోతే ఎలక్ట్రిక్ కారే కుదరదని కొందరు భయపెడతారు. రోజుకు యాభై, అరవై కిలోమీటర్లు తిరిగే ఇంటికి ఆ ఖర్చు అక్కర్లేదు.

ఎర్తింగ్ విషయంలో మాత్రం పైసా మిగుల్చుకోవద్దు. మీ ఇంటి కాంట్రాక్టెడ్ లోడ్ ఎంతో కరెంటు బిల్లు మీదే ఉంటుంది. రెండు, మూడు కిలోవాట్లే ఉంటే ముందు డిస్కం ఆఫీసుకి వెళ్ళి పెంచుకోండి.

అపార్ట్‌మెంటులో ఉంటే పని ప్లగ్‌తో అయిపోదు, అసోసియేషన్ ఒప్పుకోవాలి. కొత్త భవనాల్లో ఐదో వంతు పార్కింగ్‌కైనా ఛార్జింగ్ వసతి ఉండాలని కేంద్రం 2019లోనే నమూనా భవన నియమాల్లో చేర్చింది. పాత సెల్లార్లలో మాత్రం ఈ రోజుకీ ఒక్క ప్లగ్ కోసం మూడు మీటింగులు పెట్టాల్సి వస్తోంది. ఆ ఒప్పుకోలు కాగితం మీదకు వచ్చేదాకా బుకింగ్ డబ్బు కట్టకండి. అద్దె ఇంట్లో ఉంటూ ఈ కారు కొనాలనుకునేవారికి ఇంకాస్త ముందుకెళ్ళి చెబుతాను: కారు కంటే ముందు ఇల్లు మారండి. నీళ్ళు వస్తాయా, స్కూలు దగ్గరా అని చూసినట్టే పార్కింగ్‌లో ప్లగ్ పెట్టుకోనిస్తారా అని అడిగి మరీ ఇల్లు చూసుకోండి. నెలకు వెయ్యి రూపాయలు అద్దె ఎక్కువైనా, ఎంతోకొంత బాగా తిరిగే ఇంటికి అది కరెంటు, పెట్రోలు తేడాలోనే తిరిగొచ్చేస్తుంది.

ధర చూడకండి

ఎలక్ట్రిక్ కారు ఎనిమిది లక్షలు, అలాంటి పెట్రోలు కారు ఆరున్నర లక్షలు అనగానే చర్చ ముగిసిపోతుంది. దాన్ని ఇంకోలా చూడండి.

హైదరాబాదులో పెట్రోలు లీటరు 107 రూపాయలనుకుందాం. ట్రాఫిక్‌లో చిన్న ఆటోమేటిక్ కారు లీటరుకు 15 కిలోమీటర్లు ఇస్తే కిలోమీటరుకి 7 రూపాయల పైనే. ఇక కరెంటు. నష్టాలన్నీ కలుపుకుని వెయ్యి కిలోమీటర్లకు 150 యూనిట్లు లాగుతుందనుకోండి. తెలంగాణ ఇళ్ళ స్లాబుల్లో 301 నుంచి 400 యూనిట్ల దాకా యూనిట్‌కి 9 రూపాయలు, ఆపైన 800 దాకా 9.50. ఇప్పటికే 350 యూనిట్లు వాడే ఇంట్లో కారు కరెంటు పై స్లాబుల్లోకి చేరి నెలకు 1,400 అవుతుంది, అంటే కిలోమీటరుకి 1.40. నెలకు 180 యూనిట్లే వాడే చిన్న ఇల్లయితే చవగ్గా పడుతుందనుకుంటారు. పడదు. 200 దాటగానే మొదటి 200 యూనిట్ల రేటు కూడా మారిపోతుంది, పెరిగే బిల్లు ఇంచుమించు అంతే. క్యాబ్ నడుపుకుంటూ గృహజ్యోతి కింద సున్నా బిల్లు అందుకునే కుటుంబాలు మరీ జాగ్రత్తగా చూసుకోవాలి. 200 దాటిన నెల మొత్తం బిల్లూ కట్టాల్సిందే.

అంటే కిలోమీటరుకి మిగిలేది సుమారు 5.70 రూపాయలు. మరోవైపు, ఏడాదికి 9 శాతం వడ్డీకి ఐదేళ్ళ అప్పు తీసుకుంటే లక్షకు నెలవాయిదా 2,076. ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెడితే వచ్చేదే ఈ వ్యాసంలో నేను చెప్పదలుచుకున్న అసలు సంగతి: పెట్రోలు కారు కంటే అదనంగా పెట్టే ప్రతి లక్షకూ మీరు నెలకు 360 కిలోమీటర్లు తిరగాలి. తేడా రెండు లక్షలైతే 720, మూడు లక్షలైతే దాదాపు 1,100, నాలుగైతే 1,450. అంతకంటే ఎక్కువ తిరిగితే ఈ కారు మీకు పెట్రోలు కారు కంటే చవక, షోరూములో దాని మీద ఏ ధర రాసి ఉన్నా సరే. ఇంట్లో ప్లగ్ లేక బయటి ఫాస్ట్ ఛార్జర్ల మీదే బతకాలంటే, యూనిట్ 20 రూపాయలనుకున్నా కిలోమీటరుకి మూడు రూపాయలవుతుంది. అప్పుడు లక్షకు 500 కిలోమీటర్ల పైచిలుకు తిరగాలి.

మీరు నెలకు ఎంత తిరుగుతారో గుర్తు తెచ్చుకుని చెప్పకండి, అందరూ ఎక్కువే చెబుతారు. పాత కారు సర్వీసు బిల్లులు రెండు తీయండి. వాటి మీద ఉన్న రీడింగుల తేడాని మధ్యలో గడిచిన నెలలతో భాగించండి. ఆదివారాలు గుడికి, పెళ్ళిళ్ళకు మాత్రమే బండి తీసే ఇంట్లో అది 300 కూడా రాదు. అలాంటివారికి నా సలహా సూటిగా ఒకటే. పర్యావరణం మీద ఎంత ప్రేమున్నా అప్పు చేసి ఎలక్ట్రిక్ కారు కొనకండి. నడవని కారు పొగనేమీ తగ్గించదు. అది తయారవడానికి అయిన ఖర్చు మాత్రం తిరిగిరాదు.

తక్కువ రేంజ్ ఉన్నదే కొనండి

ఇక్కడే ఎక్కువమంది నాతో గొడవపడతారు. "తిరుపతికి వెళ్ళాలంటే ఎలాగండీ?" అన్నది మొదటి ప్రశ్న. ఏడాదికి ఎన్నిసార్లు వెళ్తారు? ఒకసారి, మహా అయితే రెండుసార్లు. ఆ రెండు ప్రయాణాల కోసం మిగతా మూడు వందల అరవై రోజులూ పెద్ద బ్యాటరీని మోసుకు తిరగడం, దానికి వాయిదాలు కట్టడం ఎందుకు? తిరుపతికి రైలుంది. పెద్దవాళ్ళు ఉంటే డ్రైవరుతో సహా బండి మాట్లాడుకోండి. లక్ష రూపాయల అదనపు బ్యాటరీకి కట్టే వాయిదా ఏడాదికి 25 వేలకు కాస్త తక్కువ. ఆ డబ్బుతో ఇంటిల్లిపాదీ దర్జాగా వెళ్ళిరావచ్చు.

కంపెనీ చెప్పే రేంజ్ ప్రయోగశాల పరీక్షలో వచ్చిన అంకె. టియాగో ఈవీ చిన్న బ్యాటరీకి 2022లో చెప్పింది 250 కిలోమీటర్లు. మే నెల ఎండలో ఏసీ వేసుకుని మన రోడ్ల మీద నడిపితే 150కి అటూ ఇటూ. ఆ 150 చాలా, చాలదా అన్నదే మీరు చూసుకోవలసింది. ఆఫీసుకి రానూపోనూ నలభై కిలోమీటర్లయితే మూడు రోజులకొకసారి ప్లగ్ పెట్టినా సరిపోతుంది. ఇంట్లో ఒకే కారు అన్ని పనులూ చేయాలన్న పట్టుదలే మధ్యతరగతి ఇంటిని ఎనిమిది లక్షల కారు నుంచి పదిహేను లక్షల కారుకి నెడుతోంది. రోజువారీ తిరుగుడుకి చిన్న బ్యాటరీ, దూర ప్రయాణానికి అద్దె బండి అనుకున్న రోజున ధర సగానికి సగం దిగుతుంది.

ఎవరో వాడినదే కొనండి

వాడిన ఎలక్ట్రిక్ కారంటే వద్దంటే వద్దని అందరూ అంటారు. బ్యాటరీ పోతే లక్షలవుతాయని భయం. ఆ భయం వల్లే ఆ బండ్ల ధర అంతగా పడిపోతోంది, ఆ పడిపోయిన ధరే మీకు లాభం. మొదటి యజమాని భరించిన తరుగుదల మీ జేబులోకి వస్తుంది. చాలా కార్ల బ్యాటరీలకు ఎనిమిదేళ్ళు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఉంది. మూడేళ్ళ బండి, 40 వేల కిలోమీటర్లు తిరిగినది దొరికితే ఇంకా ఐదేళ్ళు చేతిలో ఉన్నట్టే. మీ అప్పు తీరేదాకా వారంటీ కూడా ఉంటుంది.

కొనేముందు మూడు పనులు చేయండి. మొదటిది, వారంటీ రెండో యజమానికి ఏ షరతుల మీద బదిలీ అవుతుందో కాగితం మీద రాయించుకోవడం. కంపెనీని బట్టి ఇది మారుతుంది. కొన్నిచోట్ల మొదటి యజమానికి ఇచ్చినంతా రెండోవారికి రాదు. రెండోది, సర్వీసు సెంటర్లో బ్యాటరీ ఆరోగ్యం పరీక్ష చేయించడం. అమ్మేవాడు దానికి ఒప్పుకోకపోతే బేరం అక్కడే వదిలేయండి. మూడోది అన్నిటికంటే ముఖ్యం: నిండా ఛార్జింగ్ పెట్టి మీరు రోజూ వెళ్ళే దారిలోనే ఒక పూట నడిపి, ఎంత శాతం తగ్గిందో చూడటం. వరదలో మునిగిన ప్రాంతంనుంచి వచ్చిన బండి ఎంత చవగ్గా ఇచ్చినా ముట్టుకోకండి. బీమా క్లెయిము చరిత్ర అడిగితే ఆ సంగతి చాలావరకు బయటపడుతుంది. డీలరు దగ్గర కొంటే అతని లాభం మీద 18 శాతం జీఎస్టీ కూడా ధరలో కలిసి ఉంటుంది. తెలిసినవారి దగ్గర నేరుగా కొంటే అది ఉండదు.

బ్యాటరీ అద్దెకు తీసుకోవడం తక్కువ తిరిగేవాళ్ళకే మంచిది

దీన్నీ జనం తిరగేసి అనుకుంటున్నారు. 2024 సెప్టెంబరులో ఎంజీ విండ్సర్ బ్యాటరీ లేకుండా 9.99 లక్షలకు వచ్చింది, బ్యాటరీకి కిలోమీటరుకి మూడున్నర రూపాయల అద్దె. బ్యాటరీతో కలిపి కొంటే సుమారు పదమూడున్నర లక్షలు. తేడా మూడున్నర లక్షలు. లక్ష కిలోమీటర్లు తిరిగేసరికి మీరు కట్టిన అద్దె ఆ మూడున్నర లక్షలూ అయిపోతుంది, బ్యాటరీ మాత్రం మీది కాదు. పైగా అద్దెకు కరెంటు కలిపితే కిలోమీటరుకి ఐదు రూపాయలు. పెట్రోలు మీద మిగిలేది రెండు రూపాయలే. బాగా తిరిగేవాళ్ళు అప్పు చేసైనా బ్యాటరీ కొనుక్కోవడమే మేలు. నెలకు మూడు, నాలుగు వందల కిలోమీటర్లు తిరిగేవారికి అద్దె బాగుంటుంది, ఒప్పందంలో కనీస కిలోమీటర్ల షరతు లేకపోతేనే. కొన్ని ఒప్పందాల్లో తిరిగినా తిరగకపోయినా కట్టవలసిన కనీస మొత్తం ఉంటుంది. షోరూము మాటమీద ఆగకండి, అప్పిచ్చే సంస్థ కాగితం చదవండి.

హైబ్రిడ్‌ని మధ్యేమార్గం అనుకోకండి

ఎలక్ట్రిక్‌కి ధైర్యం చాలనివాళ్ళు హైబ్రిడ్ కొనుక్కుంటారన్నది వాడుక. డబ్బు లెక్కలో హైబ్రిడ్ మధ్యలో లేదు, అది బాగా తిరిగేవాళ్ళకు మాత్రమే అందే బండి. గ్రాండ్ విటారా స్ట్రాంగ్ హైబ్రిడ్‌కి కంపెనీ చెప్పే మైలేజీ 27.97. నిజానికి 22 వస్తుందనుకుందాం, అంతే పెద్ద పెట్రోలు కారు 14 ఇస్తుందనుకుందాం. కిలోమీటరుకి మిగిలేది 2.80 రూపాయల లోపే. లక్ష అదనానికి నెలకు 750 కిలోమీటర్లు. తేడా మూడు లక్షలుంటే నెలకు 2,250 తిరగాలి. రోజూ ఏలూరు నుంచి విజయవాడకు వెళ్ళొచ్చేవారికి కుదురుతుంది, ఊళ్ళో ఉద్యోగం చేసుకునేవారికి కుదరదు.

ఈ ధర వెనక పన్ను ఉంది. ఎలక్ట్రిక్ కార్ల మీద జీఎస్టీ 2019 ఆగస్టునుంచి 5 శాతమే. 2025 సెప్టెంబరు 22న వచ్చిన కొత్త రేట్లలో నాలుగు మీటర్ల లోపు పొడవు, 1,200 సీసీ లోపు పెట్రోలు ఇంజను ఉన్న చిన్న కార్లకు, హైబ్రిడ్లతో సహా, 18 శాతం. అవి దాటితే 40. మన దగ్గర దొరికే స్ట్రాంగ్ హైబ్రిడ్లు నాలుగు మీటర్లు దాటినవే. సగం ఇంధనంతో నడిచే చిన్న హైబ్రిడ్ ఎవరైనా తెచ్చి ఉంటే సామాన్యుడికి ఎంతో ఉపయోగపడేది. 18 శాతం అరలో ఆ చోటు ఖాళీగానే ఉంది.

స్మార్ట్ హైబ్రిడ్ అన్న పేరు చూసి మోసపోకండి. "ఇంజను ఆపేసి బ్యాటరీ మీద ఒక్క కిలోమీటరైనా నడుస్తుందా?" అని సేల్స్‌మన్‌ని అడగండి. లేదంటే అది ఇంజనుకి కాస్త చేయూత ఇచ్చే చిన్న మోటారు మాత్రమే, దానికోసం ఎక్కువ ఇవ్వక్కర్లేదు.

ఇది చిన్న ఊరి బండి

హైదరాబాదు అపార్ట్‌మెంటులో ప్లగ్ కోసం పోరాడేవాడి కంటే ఖమ్మంలోనో, తెనాలిలోనో సొంత ఇంట్లో ఉండేవాడికి ఈ కారు ఎక్కువ నప్పుతుంది. గేటు లోపల బండి, గోడకు ప్లగ్, పైన ఖాళీ డాబా. పీఎం సూర్యఘర్ కింద మూడు కిలోవాట్ల సోలార్‌కి 78 వేల సబ్సిడీ వస్తుంది. ఆ పలకలు రోజుకు పన్నెండు యూనిట్ల దాకా ఇస్తాయి. కారుకి నెలకు కావలసిన 150 యూనిట్లు అందులో సగం కూడా కావు. గుంటూరులో ఉంటూ తెనాలిలో పనిచేసే లెక్చరరు రోజుకు యాభై, నెలకు పన్నెండు వందల కిలోమీటర్లు తిరుగుతారు. ఆయనకి ఈ లెక్కలో మూడు లక్షల తేడా కూడా గిట్టుబాటే. పట్నంలో ఫ్లైఓవర్ కింద ఛార్జింగ్ స్టేషన్లు ఎన్నున్నాయని ఆయన తెలుసుకోవాల్సిన పనే లేదు.

ఆగాలా, వద్దా

బ్యాటరీల ధర పదిహేనేళ్ళలో దాదాపు పదోవంతుకి పడిపోయింది. 2010లో ప్రపంచ సగటున యూనిట్‌కి వెయ్యి డాలర్లకు పైగా ఉన్నది 2024కి 115కి చేరింది. ఇంకా తగ్గుతుంది. అందుకే తక్కువ తిరిగేవాళ్ళు ఆగండి, ఆగితే పోయేదేమీ లేదు. నెలకు పదిహేను వందలు తిరిగేవాళ్ళు ఆగితే మాత్రం ప్రతి నెలా ఎనిమిది వేలకు పైన పెట్రోలు బంకులో వదిలేస్తున్నట్టే.

తెలంగాణలో ఎలక్ట్రిక్ వాహనాలకు జీవిత పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు లేవు. 2024 నవంబరులో వచ్చిన ఆ జీవో గడువు 2026 డిసెంబరు 31. ఐదు నుంచి పది లక్షల మధ్య కారుకి ఇక్కడ పన్ను 14 శాతం. అంటే ఆరున్నర లక్షల పెట్రోలు కారు కొనేవాడు 91 వేలు కడతాడు, ఎనిమిది లక్షల ఎలక్ట్రిక్ కారు కొనేవాడు ఏమీ కట్టడు. మొదట లక్షన్నరగా కనిపించిన తేడా 59 వేలకు దిగింది. బీమాలో సొంత నష్టం భాగం కాస్త ఎక్కువ పడుతుంది, థర్డ్ పార్టీ ప్రీమియంలో 15 శాతం తగ్గింపుంది. ఇంత మంచి మినహాయింపు మీద నాకు ఒక్క కోపం ఉంది. ఎనిమిది లక్షల కారుకి 1,12,000 వదులుకునే ప్రభుత్వం పాతిక లక్షల కారుకి కనీసం నాలుగున్నర లక్షలు వదులుకుంటోంది. పైవాడికి అంత ఇవ్వకుండా, కింది ధర కార్లకు గడువు పొడిగించి ఉంటే ఎంతమంది ఉపాధ్యాయులు, నర్సులు, మెడికల్ రెప్‌లు ఈ బండి ఎక్కేవారు!

అప్పు వడ్డీ మీద లక్షన్నర దాకా ఆదాయపు పన్ను మినహాయింపు ఉందని ఇప్పటికీ చెప్పేవాళ్ళున్నారు. అది 2023 మార్చి 31 లోపు మంజూరైన అప్పులకే. కేంద్రం ఇచ్చిన ఫేమ్ సబ్సిడీ రెండో విడతలో సొంత వాడకం కార్లకు అందలేదు, ఇప్పుడున్న పీఎం ఈ-డ్రైవ్‌లోనూ కార్లు లేవు. ఈ రెండింటినీ లెక్కలో వేసుకోకండి.

జామీను సంతకం పెట్టండి

ఎవరికీ హామీ ఉండొద్దని మన ఇళ్ళలో పిల్లలకు చిన్నప్పటినుంచే నేర్పుతారు. ఈ ఒక్క విషయంలో నేను పెట్టమనే అంటాను.

ఎలక్ట్రిక్ కారు అందరికంటే ఎక్కువ గిట్టుబాటయ్యేది క్యాబ్ నడిపేవారికి. నెలకు ఐదు వేల కిలోమీటర్లు తిరిగే మనిషి. సగం ఇంటి కరెంటు, సగం బయటి ఛార్జర్ అనుకున్నా కిలోమీటరుకి రెండు రూపాయల పైచిలుకు అవుతుంది. పెట్రోలుతో పోలిస్తే నెలకు పాతిక వేల దాకా, సీఎన్‌జీతో పోలిస్తే కూడా ఎనిమిది, తొమ్మిది వేలు మిగలాలి. పైగా బ్యాటరీ వాహనాలకు పర్మిట్ అక్కర్లేదని 2018లోనే కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. అయినా ఆ బండి అతని దగ్గర ఉండదు, మన గేటు లోపల ఉంటుంది. కారణం అప్పు. నెలకు మూడు వందల కిలోమీటర్లు తిరిగే మనకు 9 శాతానికి ఇచ్చే అప్పు అతనికి 14కి ఇస్తే అదృష్టం, అదీ నాలుగేళ్ళకే. లక్షకు వాయిదా 2,076 కాదు, 2,730.

"బండి తిప్పుడు కష్టం కాదన్నా, మొదటి లక్ష ఇచ్చేటోడే దొరుకుతలేడు" అని ఓ క్యాబ్ డ్రైవరు నాతో అన్నాడు.

మీ బంధువుల్లోనో, మీ వీధిలోనో ఏళ్ళ తరబడి బండి నడుపుతూ, వాయిదా తప్పని మనిషి ఒకరుంటారు. సర్వీసు బిల్లులు తీసి చూసుకున్నాక మీ తిరుగుడు నెలకు మూడు వందలే అని తేలితే, అతని అప్పుకి జామీను సంతకం పెట్టండి, మీరు కారు కోసం దాచుకున్న డౌన్ పేమెంటు కూడా అతని బండికే పెట్టండి. ఊరికే ఇవ్వకండి. మీకు బ్యాంకు ఇచ్చే వడ్డీకే కాగితం రాయించుకుని ఇవ్వండి. అతని ప్లాట్‌ఫామ్ ఆదాయం ఆరు నెలల స్టేట్‌మెంటు చూడండి. రోజుకు రెండొందల కిలోమీటర్లు తిరిగేవాడికి చిన్న బ్యాటరీ చాలదు కాబట్టి మధ్యాహ్నం భోజనం వేళ ఎక్కడ ఛార్జింగ్ పెడతాడో అడగండి. అతని ఇంట్లో సున్నా బిల్లు వస్తుంటే ఛార్జింగ్‌కి వేరే మీటరు దొరుకుతుందేమో డిస్కం ఆఫీసులో కనుక్కోమనండి. బీమా కాగితం నకలు మీ దగ్గర పెట్టుకోండి. మీకు కారు కావలసిన ఆదివారాలు ముందే చెప్పి ఉంచండి, ఆ రోజు మీటరు మీద పడినంత ఇచ్చేయండి.